తాగి వస్తున్నాడని అనుమానం ఉన్న కార్మికుడికి మెమో ఇవ్వాలా, నచ్చజెప్పాలా?

మీ విభాగంలో ఒకతను కొంతకాలంగా పరధ్యానంగా ఉంటున్నాడని, తాగి వస్తున్నాడని తోటివాళ్లు అంటున్నారని రాసి, మెమో ఇవ్వాలా లేక కూర్చోబెట్టి నచ్చజెప్పాలా అని అడిగారు. ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు కర్మాగారంలో చాలా ఏళ్లు షిఫ్టు ఇన్‌చార్జిగా పనిచేసినవాడిగా చెబుతున్నాను, ముందు ఈ రెండూ పక్కన పెట్టండి. పనిలో మీ కంటికి కనబడిన తేడాను అతనికి చెప్పి, అతను చెప్పేది విని, వైద్యుడి దగ్గరకు చేర్చడం వరకే సూపర్‌వైజరు బాధ్యత.

మా ప్యాకింగ్ విభాగంలో ఒక ఫిట్టరు ఉండేవాడు. ఉద్యోగం చేసుకుంటూనే సొంత ఊళ్లో చీనీ తోట పెట్టి, దాన్ని బతికించుకోవడానికి బోరు వెంట బోరు వేయించి, నీళ్లు పడక, చెట్లు ఎండిపోయి, చివరికి వడ్డీలు కూడా కట్టలేని స్థితికి వచ్చాడు. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. మాకు కనబడినవి ఎర్రబడిన కళ్లు, పెరిగిపోతున్న నాగాలు, ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా అన్నం తినడం. అతను తాగి వస్తున్నాడని క్యాంటీన్‌లో తీర్పు కూడా అయిపోయింది. ఒక రాత్రి బెల్టు మరమ్మతుకు దిగుతూ, బెల్టును ఎవరూ ఆన్ చేయకుండా స్విచ్చికి వేయాల్సిన తాళం వేయకుండానే రోలర్ల మధ్య చేయి పెట్టాడు. హెల్పరు కేక వేయబట్టి చేయి దక్కింది.

అతన్ని పని నుంచి తప్పించి, ఎవరూ లేని కాటా గదిలోకి తీసుకుపోయాను. "ఈ రాత్రి తాళం వేయలేదు, పోయిన వారం పర్మిటు మీద సంతకం మరిచిపోయినావు, ఈ నెల నాగాలు చూడు. ముందు నువ్విట్లా ఉండేవాడివి కాదప్పా, ఏమైంది?" అని అడిగి ఊరుకున్నాను. తాగుడు నేను కళ్లారా చూడలేదు కాబట్టి ఆ మాట ఎత్తలేదు. చాలాసేపటికి "నిద్ర పట్టల్యా సార్, ఎందుకు బతకాల అనిపిస్తాంది" అన్నాడు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది జంకుతారు, కానీ వైద్యులు అడగమనే చెబుతారు. అతను తల ఊపాడు. ఇక అతన్ని ఒంటరిగా వదలకుండా, మోటారు సైకిలు తాళం తీసుకొని, బావమరిదిని పిలిపించి, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ అక్కడి నుంచి తీసేయమని చెప్పి, తెల్లవారగానే ముగ్గురమూ కడప సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లాము. "వెళ్లి చూపించుకో" అని చీటీ చేతిలో పెడితే వెళ్లేవాడు కాదని నా గట్టి నమ్మకం. మొదటిసారి ఎవరో ఒకరు తోడు వెళ్లి తీరాలి. కుంగుబాటు మందులు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, వైద్యుడు సరే అనేదాకా అతన్ని యంత్రాల దగ్గరకు పంపకుండా పగటి షిఫ్టులో స్టోర్సు పనికి మార్చాము.

ఇక్కడ నాకొక కడుపుమంట ఉంది. ఆఫీసు వాళ్లు ఏడాదికొకసారి ఎవరినో పిలిపించి చప్పట్లు కొట్టించే వ్యక్తిత్వ వికాస తరగతులు పెడతారు, కానీ మనిషి కూలిపోతున్నప్పుడు ఒక పూట సెలవు ఇవ్వడానికి నాలుగు సంతకాలు అడుగుతారు. ఇంకొందరు పెద్దమనుషులు, మాల వేయిస్తే తాగుడు మానేస్తాడని సలహా ఇస్తారు. భక్తిని నేను కాదనను, కానీ రోజూ విపరీతంగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛలు, మతి తప్పడం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మీ మనిషి నిజంగానే తాగుతున్నా సరే, ఒట్లు వేయించకుండా వైద్యుడి పర్యవేక్షణలోనే మాన్పించాలి.

బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌కు పోతే తప్ప నయం కాదన్న భ్రమ కూడా మన వైపు ఎక్కువ. అదే నిమ్‌హాన్స్ వాళ్లు, మన పక్కనున్న బళ్లారి జిల్లాలో ఊరి ఆరోగ్య కేంద్రాల్లోనే ఇటువంటి వైద్యం అందించవచ్చని 1980లలోనే చేసి చూపించారు. ఆసుపత్రికి రానంటే 14416కు ఫోను చేయించండి. అది 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆత్మహత్యాయత్నం జరిగితే పోలీసు కేసవుతుందని ఇంటివాళ్లు దాచిపెడతారు. అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను చెబుతోంది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పరిధిలో ఉన్నవాడైతే, వైద్యుడి ధ్రువపత్రంతో ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది.

ఇక మెమో సంగతి. అనుమతి లేకుండా పది రోజులకు మించి రాకపోతే నమూనా స్టాండింగ్ ఆర్డర్ల (కర్మాగారాల సర్వీసు నియమాల) ప్రకారం అది దుష్ప్రవర్తన కిందికి వస్తుంది కనుక, ఆ గడువు దాటకముందే ఆసుపత్రి చీటీ జతచేసి సెలవు అర్జీ పెట్టించండి. మస్టరులో (హాజరు పట్టీలో) "అనారోగ్య సెలవు" అని మాత్రమే రాయండి. జబ్బేమిటని తోటివాళ్లు అడిగితే, ఒంట్లో బాగాలేదని చెప్పి వాళ్లను పనిలోకి పంపండి.