అమ్ముడుపోని ఫ్లాటు, ఊరు వదిలి వెళ్తున్న కంప్యూటర్ కుర్రాడు

ప్రశ్న: గుంటూరు విద్యానగర్‌లో మాకు 2012లో కొన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఉంది. వ్యాపారం కోసం విజయవాడ వచ్చేశాక అమ్మకానికి పెట్టాం. ఏడాది దాటినా బేరం కుదరలేదు. దక్షిణం ఫేసింగ్ అని కొందరు వెనక్కి తగ్గారు. ఈమధ్య చూడ్డానికి వచ్చినవాళ్ళు తలుపు తీయగానే దుర్వాసనకి ముక్కు మూసుకున్నారు. పోనీ అద్దెకిద్దామంటే, పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందని మావారి భయం. రెండో సంగతి: ఆటోనగర్‌లో మాది స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్. షాపులో ఐదు కంప్యూటర్లు చూసుకునే కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్ళిపోతున్నాడు. ఆ పని బయటి కంపెనీకి అప్పగించవచ్చా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మీవారి భయం సంగతి చూద్దాం. ఆడిటర్‌గా నా దగ్గరకొచ్చే ఇంటి యజమానుల్లో సగం మంది ఇదే అడుగుతారు. పన్నెండేళ్ళ లెక్క యజమాని అనుమతి లేకుండా, ఇది నాదే అంటూ స్థలంలో ఉన్నవాళ్ళకి సంబంధించింది. అద్దె ఒప్పందం రాసుకుని, నెలనెలా అద్దె కడుతూ ఉన్నవాళ్ళు మీ అనుమతితో ఉన్నట్టు. ఎన్నేళ్ళున్నా ఇల్లు వాళ్ళది కాదు. కాకపోతే కాగితం లేకుండా ఇవ్వకండి, గడువు అయిపోయాక అలాగే వదిలేయకండి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదిలోపు లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే. అందరూ 11 నెలలకు రాసుకుంటారు కానీ, అలా రాసుకున్నా ఇక్కడ రిజిస్ట్రేషన్ తప్పదు. మీరూ 11 నెలలకే రాసుకుని, రిజిస్టర్ చేయించి, గడువు తీరేలోపు తిరగరాయండి. అద్దె బ్యాంకు ఖాతాలోకే వేయించుకోండి.

అమ్మకం ఆలోచన మానుకోనక్కర్లేదు. రెండు నెలల నోటీసు ఇస్తే ఖాళీ చేయాలని, కొనేవాళ్ళు వస్తే ముందురోజు ఫోన్ చేసి ఆదివారం పూట ఇల్లు చూపించుకోవచ్చని ఒప్పందంలో రాయండి. చేరేముందే ఈ సంగతి వాళ్ళకి నోటితో కూడా చెప్పండి. దాచిపెట్టి పిల్లలున్న కుటుంబాన్ని స్కూలు ఏడాది మధ్యలో ఖాళీ చేయమనడం న్యాయం కాదు. ఒకవేళ వాళ్ళు ఉండగానే అమ్మేస్తే, కొన్నవాళ్ళు మీ స్థానంలో యజమానులవుతారు. అడ్వాన్సు లెక్క ఆ రోజే తేల్చుకోండి.

ఆ దుర్వాసన గురించి. బాత్‌రూమ్ నేలలో జాలీ కింద ఒక వంపు ఉంటుంది. అందులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి, మురుగు గొట్టంలోని గాలిని పైకి రానివ్వవు. నెలల తరబడి ఎవరూ వాడకపోతే ఆ నీళ్ళు ఆరిపోతాయి. వాసనా, బొద్దింకలూ నేరుగా ఇంట్లోకే. దీనికి రిపేరు అక్కర్లేదు. ప్రతి జాలీలో, కమోడ్‌లో, వంటింటి సింకులో నీళ్ళు పోయించండి. మనుషులు ఉంటున్న ఇంట్లో ఈ బాధే రాదు. కొనేవాళ్ళకి ఏడాదిగా తాళం వేసిన ఇంటి కంటే పొయ్యి వెలుగుతున్న ఇల్లు బాగా నచ్చుతుంది. నా అనుభవంలో దక్షిణం ఫేసింగ్ మీద సణుగుడు కూడా అక్కడ కొంత తగ్గుతుంది.

పన్ను గురించి భయపడకండి. నెలకు 14,000 అద్దె అనుకుందాం, ఏడాదికి 1,68,000. ఇంటి పన్ను 6,000 కడితే మిగిలేది 1,62,000. మరమ్మతులు చేయించినా చేయించకపోయినా అందులో 30 శాతం, అంటే 48,600 తీసేస్తారు. మిగిలిన 1,13,400 లోంచి ఇంటి లోను వడ్డీ కూడా తగ్గించుకోవచ్చు. కొత్త పన్ను విధానంలో సొంతానికి వాడుకునే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, అద్దెకిచ్చిన ఇంటికి ఉంది. వడ్డీ అద్దె కంటే ఎక్కువై నష్టం వస్తే మాత్రం, కొత్త విధానంలో దాన్ని వ్యాపార ఆదాయంలోంచి తగ్గించుకోలేరు. రేపు అమ్మినప్పుడు, 2024 జూలై 23కి ముందు కొన్న ఆస్తి కాబట్టి లాభం మీద 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో (అంటే కొన్న ధరను ధరల పెరుగుదల లెక్కన పెంచి చూపించి) 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టవచ్చు.

ఇక షాపు. ఐదు కంప్యూటర్ల కోసం ఇంకో మనిషిని వెతకడం కంటే, ఏడాది కాంట్రాక్టు మీద బయటివాళ్ళకి ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. ఒక మనిషి సెలవు పెడితే మీ బిల్లింగ్ ఆగుతుంది, కంపెనీ అయితే ఇంకొకరిని పంపుతుంది. ఒప్పందంలో నేను పట్టుబట్టేది ఒక్కటే: ప్రతి ఖాతా మీ పేరున, మీ ఫోన్ నంబరు మీద ఉండాలి. జీఎస్టీ పోర్టల్, సరుకు లారీలో పంపడానికి తీసే ఈ-వే బిల్లు, లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు, వెబ్‌సైట్ పేరు, షాపు ఈమెయిల్, అన్నీ. ఈ-వే బిల్లు లాగిన్‌కి ఇప్పుడు ఓటీపీ తప్పనిసరి. ఆ ఓటీపీ వేరేవాళ్ళ ఫోన్‌కి పోతుంటే, లారీ లోడై గేటు దగ్గర నిలబడి ఉండగా మీరు వాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండాలి. నాకు తెలిసిన ఒక హోల్‌సేలర్ ఒక మధ్యాహ్నమంతా అలాగే టెన్షన్ పడ్డారు.

బ్యాకప్ తీస్తున్నాం అన్న మాట నమ్మకండి, చేసి చూపించమనండి. రెండు వారాల కిందటి టాలీ డేటాను ఇంకో కంప్యూటర్‌లో తెరిపించి, మీకు బాగా గుర్తున్న ఒక పార్టీ బాకీ ఆ తేదీకి సరిపోయిందో లేదో మీరే చూడండి. హార్డ్ డిస్కు ఎప్పుడూ అదే కంప్యూటర్‌కి తగిలించి ఉంటే, డేటాకి తాళం వేసి డబ్బడిగే వైరస్ వచ్చినరోజు రెండూ కలిసే పోతాయి. కాపీ అయ్యాక డిస్కు తీసి ఇంటికి తీసుకెళ్ళండి. దూరం నుంచి మీ కంప్యూటర్‌లోకి వచ్చే సాఫ్ట్‌వేర్ కూడా మీరు అనుమతి నొక్కినప్పుడే పనిచేయాలి. ప్రతి నెలా 11, 20 తేదీల ముందు జీఎస్టీ రిటర్నుల హడావిడిలో ఎన్ని గంటల్లో మనిషి వస్తాడో, కాంట్రాక్టు మానేస్తే డేటా, పాస్‌వర్డులు ఎన్ని రోజుల్లో అప్పగిస్తారో రాయించుకోండి.

ఫ్లాటు ఒక నెల ఆగగలదు, షాపు కంప్యూటర్ల పని ఆగదు. ఆ కుర్రాడు వెళ్ళేలోపు ఒక ఆదివారం కూర్చోబెట్టి, ఏ ఖాతాకి ఏ ఫోన్ నంబరు ఉందో ఒక నోటుపుస్తకంలో రాయించండి, అక్కడికక్కడే మీ నంబరుకి మార్పించండి. కొత్తవాళ్ళు వచ్చే రోజున అతను కూడా షాపులో ఉండేలా చూడండి. మొదటి రెండు నెలలు ఫోన్ చేస్తే పలికేలా ఎంతో కొంత డబ్బు మాట్లాడుకుని, వెళ్ళేటప్పుడే అతని చేతిలో పెట్టండి.