మగ్గులు అరలో పట్టకపోతే

రోజూ వాడేవీ, ఫొటో ప్రింట్ వేయించి ఇచ్చిన గిఫ్టు మగ్గులూ ఒకే అరలో కలిసిపోవడం వల్లే మీకు చోటు చాలడం లేదు. ఇంకో స్టాండ్ కొనకండి, అదీ నిండిపోతుంది.

1. అన్నీ కిందికి దించండి. మనిషికి రెండు చొప్పున, చుట్టాలకు ఓ నాలుగు పక్కన పెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్రతి మగ్గునూ వేలిగోటితో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగితే కంటికి కనిపించని పగులు ఉండొచ్చు. పిడి మగ్గుకు అతుక్కున్న చోట మరీ జాగ్రత్తగా చూడండి, వేడి కాఫీతో ఊడిపోతే చేయి కాలుతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ పని తప్పకుండా చేయాలి. పగులు అనుమానం ఉన్నవి పెన్నులకో, మనీప్లాంట్‌కో వాడండి.

3. బంగారు అంచువి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, పైఅరలో విడిగా ఉంచండి.

4. మిగిలిన మంచివి హాస్టల్‌కి వెళ్లే పిల్లలకు ఇచ్చేయండి.