ఆ ఒక్క మాట కొట్టేయి

కావలి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పిల్లల కథలు రాసిన ఇంగ్లీషు రచయిత రోల్డ్ డాల్ పుస్తకాన్ని పారేయలేక, కళ్లెదుట పెట్టుకోలేక, పేరు కనపడకుండా గోడవైపు తిప్పి పెట్టానన్నావే, అక్కడ కాసేపు ఆగిపోయాను. ఒంగోలు స్కూల్లో లైబ్రరీ పీరియడ్ కూడా బాగుంది. మెచ్చుకోలు ఇంతటితో సరి.

ఆ తర్వాతి పేరాలో "ఆయన వ్యాఖ్యలు వివాదాస్పదమయ్యాయి" అని రాశావు. ఒళ్లు మండింది. ఏమన్నాడమ్మా ఆయన? హిట్లర్ లాంటి నీచుడు కూడా ఊరికే యూదుల జోలికి పోలేదని 1983లో న్యూ స్టేట్స్‌మన్ పత్రికతో అన్నాడు. అరవై లక్షల మందిని చంపించినవాడి గురించి! తాను యూదు వ్యతిరేకిగా మారానని 1990లో, చనిపోయిన ఏడాదే, తన నోటితోనే ఒప్పుకున్నాడు. వివాదాస్పదం అంటే ఇద్దరు పోట్లాడుకుంటున్నారని కదా. ఇక్కడ పోట్లాట ఎక్కడుంది? అన్నాడు, అంతే. కర్త, కర్మ, క్రియ మూడూ పెట్టి రాయి. నీ ఇష్టం ఆ వాక్యం పక్కన నిలబడుతుందో లేదో అప్పుడు చూసుకో.

ఆ పుస్తకాల కొత్త ముద్రణల్లో వందల మాటలు మార్చారని 2023లో గోల లేచింది గుర్తుందా? చాక్లెట్ ఫ్యాక్టరీ కథలో తిండిపోతు పిల్లాడు "లావు" కాస్తా "భారీ" అయ్యాడు. గోల ముదిరాక పాత పాఠం కూడా వేస్తామన్నారు. పుస్తకంలో "లావు" తీసేస్తే పత్రికలో అన్నది పోతుందా? ఎడిటర్లతో ఎప్పుడూ ఇంతే. నా మొదటి కథలో మా అవ్వ "ఉండాది" అంటే, ఒక వారపత్రికాయన "ఉన్నది" చేసి పెట్టాడు. నలభై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు. సరే, వదిలేయ్.

నీకు నీతులు చెప్పే మొహం కాదు నాది. చిన్నప్పుడు మాకు పాటలు కట్టి నేర్పిన మాస్టారు ఒకాయన పోతే సంస్మరణ రాశాను. ఇంట్లో పనికి పెట్టుకున్న యానాది పిల్లాడికి ఆయన అట్లకాడ కాల్చి వాత పెట్టాడని మా వీధంతా తెలుసు. నేను "కాస్త ముక్కోపి" అని రాసి ఊరుకున్నా. ఆర్నెల్ల తర్వాత కందుకూరు బస్టాండులో ఒకాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచాడు. "ముక్కోపి అని రాశారంట కదా సార్" అన్నాడు. మచ్చ అట్లకాడంత వెడల్పు ఉండాది. ఇంతలో బస్సొచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ పాటలు ఇప్పటికీ నా మనవరాలికి పాడతాను. మామిడిచెట్టు పాట లేకపోతే నిద్రపోదు. ఎవరు కట్టారు తాతా అంటే మాస్టారి పేరు చెప్తాను. మచ్చ సంగతి ఇంకా చెప్పలేదు. దానికి ఐదేళ్లు.

పోటీకి పంపాలా, ఫేస్‌బుక్‌లో పెట్టాలా అని అడిగావు. అవన్నీ నాకు తెలీవు. ముందు ఆ పేరా తిరగరాసి పంపు. గోడవైపు తిప్పిన పుస్తకం జోలికి మాత్రం పోకు, అదలాగే ఉండనీ.

ఉంటాను.