రోజూ మెట్రోలో పాడ్‌కాస్ట్ వింటున్నా జర్మన్ ఎందుకు అర్థం కావడం లేదు?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో ఉద్యోగం, జర్మన్‌లో ఏ2 స్థాయి అయిపోయింది, ఇప్పుడు దాని పై మెట్టయిన బీ1 పరీక్ష రాయాలి. చదివితే అర్థమవుతోంది, వింటే మాత్రం ఒక్క ముక్క తలకెక్కడం లేదు. వైట్‌ఫీల్డ్ వెళ్లే మెట్రోలో నెలల తరబడి పాడ్‌కాస్ట్‌లు వింటున్నా మార్పు లేదు. అసలు వీటివల్ల ఉపయోగం ఉందా?

ఉంది. మీరు వింటున్న పద్ధతిలో మాత్రం పెద్దగా ఉండదు.

నేనూ ఈ ఊళ్లోనే ఉద్యోగం చేసుకుంటూ జర్మన్ నేర్చుకున్నాను. మా ప్రాజెక్టులో అవతలి టీం స్టట్‌గార్ట్‌లో ఉంటుంది. మాతో ఇంగ్లీషులోనే మాట్లాడతారు. కాల్ మధ్యలో వాళ్లలో వాళ్లు జర్మన్‌లోకి దిగారంటే మాత్రం ఇక్కడ మేమంతా మ్యూట్‌లో పెట్టుకుని టీ తాగాల్సిందే. అక్కడేం తేలుతోందో తెలియక ఉండే టెన్షన్ భరించలేకే నేను వినడం మీద పడ్డాను. పరీక్ష సంగతి తర్వాత వచ్చింది.

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక ధీమా ఉంటుంది. కన్నడ మనం ఏ క్లాసుకీ వెళ్లి నేర్చుకోలేదు. చెవిన పడుతూ పడుతూ అదే వచ్చేసింది. మెట్రో ఎక్కిన మొదటి రోజే 'ముందిన నిల్దాణ' అని వినబడగానే వచ్చే స్టేషన్ పేరు చెబుతున్నారని తెలిసిపోతుంది. అలాగే జర్మన్ కూడా వింటూ ఉంటే వస్తుందిలే అనుకుంటాం. కానీ కన్నడ మనకు చుట్టం. బోలెడు మాటలు రెండింటికీ ఉమ్మడివే, వాక్యం నడకా ఒకటే. పైగా కన్నడ విన్న ప్రతిసారీ ఎదురుగా మనిషి ఉన్నాడు. కూరగాయల బండి దగ్గర రేటు చెబుతున్నప్పుడు టమాటాలు తక్కెడలో ఉన్నాయి, ఆటో డ్రైవర్ రానంటున్నప్పుడు తల అడ్డంగా ఊగుతోంది. సగం అర్థం కళ్లే మోశాయి. పాడ్‌కాస్ట్‌లో అదేం లేదు, ఒట్టి గొంతు. తెలియని భాషలో ఒట్టి గొంతును ఎన్ని గంటలు విన్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికన్ భాషావేత్త 1980ల నుంచీ చెబుతున్నదీ ఇదే: మనకు వచ్చినదానికి ఒక మెట్టు పైన ఉండి, అర్థమయ్యే భాష చెవిన పడితేనే అది ఒంటబడుతుంది. ఆయన వాదన మొత్తాన్ని అందరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ఆ 'అర్థమయ్యే' అన్న షరతు మాత్రం అక్షరాలా నిజం.

ఇక అసలు పని. కొత్త ఎపిసోడ్‌ను మెట్రోలో మొదలుపెట్టకండి. ఇంట్లో, టేబుల్ ముందు, చేతిలో పెన్నుతో మొదలుపెట్టండి. మొత్తం ఎపిసోడ్ అక్కర్లేదు, ఒక నిమిషం ముక్క చాలు. మొదట టెక్స్ట్ చూడకుండా రెండుమూడుసార్లు వినండి. తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆపి, వినబడింది వినబడినట్టు కాగితం మీద పెట్టండి. నేనైతే తెలుగు లిపిలో రాస్తాను. ఇది ఎవరో చెప్పిన చిట్కా కాదు, ఓసారి జర్మన్ స్పెల్లింగ్ తెలియక విసుగొచ్చి తెలుగులో రాసేశాను, అంతే. రాశాక తెలిసింది దాని బలం. జర్మన్ స్పెల్లింగ్‌లో రాస్తే తెలిసిన మాటను ఊహించి రాసేస్తాం, చెవి చేసిన తప్పు బయటపడదు. తెలుగులో రాస్తే చెవికి అందిందే కాగితం మీద పడుతుంది.

ఒక ఉదాహరణ. 'దాన్ని మేం నిన్ననే క్యాన్సిల్ చేశాం' అనే వాక్యం పుస్తకంలో 'వీర్ హాబెన్ దస్ గెస్టర్న్ షోన్ అప్‌గెజాక్ట్' అని ఉంటుంది. నా కాగితం మీద పడింది 'వియ హామ్‌దస్ గెస్టన్ షోన్ అప్ గజాక్ట్'. ఈ 'హామ్‌దస్' ఏ డిక్షనరీలో దొరుకుతుంది? 'హాబెన్'లో చివరి సగం మింగేసి పక్క మాటకు అతికించేశారు. 'వీర్', 'గెస్టర్న్'లలో ర ఎగిరిపోయింది. ఇందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు, అయినా వాక్యం అర్థం కాలేదు. మీరు చెప్పిన 'చదివితే వస్తోంది, వింటే రావడం లేదు' సమస్య అచ్చంగా ఇదే. మీకు కావాల్సింది కొత్త మాటలు కాదు, వచ్చిన మాటలకు వీధిలో ఉండే రూపం.

ఇలా రాసిన కాగితాలు కొన్ని పోగయ్యాక తప్పులన్నీ నాలుగైదు చోట్లే తిరుగుతున్నాయని కనబడుతుంది. మాట చివర వచ్చే ర అందులో మొదటిది. ఇంగ్లీషు మాటల్లో మనం ర ని గట్టిగా పలుకుతాం కాబట్టి నాన్నకు 'ఫాటర్' అనే మాట కోసం చెవి కాచుకుని ఉంటుంది. వాళ్లు 'ఫాట' అని వెళ్లిపోతారు. 'ఐనెన్' కాస్తా 'నెన్' అవుతుంది, 'హస్ట్ డూ' కాస్తా 'హస్టె' అవుతుంది.

మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి, వాటిని క్లాసులో ఎవరూ చెప్పరు. జర్మన్‌లో అద్దె 'మీటె', మధ్య 'మిటె'. తేడా అంతా దీర్ఘంలోనే. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలిసిన మన చెవికి ఇది లెక్కే కాదు. వాళ్ల జెడ్ అక్షరం శబ్దం 'చాలు', 'చుక్క' అన్నప్పుడు మనం పలికే దంత్య చకారానికి చాలా దగ్గర. ఇక 'వైల్' అని కారణం చెప్పడం మొదలుపెట్టారంటే క్రియ చివరికి పోతుంది, అచ్చం మన వాక్యంలాగే. చివరిదాకా ఓపిక పట్టడం మనకు పుట్టుకతో వచ్చింది. ఇంగ్లీషు మీడియంలో చదివి, క్రియ ముందే వచ్చేయాలని తొందరపడే అలవాటు చేసుకున్నాం. మామూలు వాక్యాల్లోనూ ఇదే చిక్కు. ఒక ఆఫర్ గురించి చెబుతూ 'నేమె' అని మొదలుపెట్టి చివర 'ఆన్' అంటే ఒప్పుకున్నట్టు, 'లేనె' అని మొదలుపెట్టి చివర 'అప్' అంటే తిప్పికొట్టినట్టు. చివరి చిన్న ముక్క దగ్గర మనసు పక్కకి పోయిందా, అంతే సంగతులు.

అంకెలను విడిగా సాధన చేయాల్సిందే. 57 అనాలంటే వాళ్లు ముందు ఏడు చెప్పి తర్వాత యాభై చెబుతారు. కాగితం మీద అర్థమవుతుంది, చెవికి మాత్రం ప్రతిసారీ 75 అనిపిస్తుంది. వాతావరణ వార్తల్లో డిగ్రీలు వింటూ రాసుకోవడం దీనికి మంచి మందు.

స్పీడు తగ్గించి వినమని చాలామంది చెబుతారు. నాకు పెద్దగా నమ్మకం లేదు. 0.75లో పెడితే శబ్దం సాగుతుంది తప్ప మింగేసిన అక్షరం తిరిగి రాదు. 'హామ్‌దస్' నెమ్మదిగా 'హా...మ్‌దస్' అవుతుంది, 'హాబెన్ దస్' అవ్వదు. తప్పనిసరైతే ఒక వాక్యం కోసం వాడండి, అలవాటు చేసుకోకండి.

ఏం వినాలి అన్నది రెండో ప్రశ్న. ఏ2 దగ్గర ఉన్నవాళ్లు సాధారణంగా చేసేది, పేరులోనే 'నెమ్మదిగా' అని ఉందని డీడబ్ల్యూ (డాయిచె వెలె అనే జర్మన్ ప్రసార సంస్థ) వాళ్ల 'లాంగ్‌జామ్ గెష్‌ప్రొఖెనె నాఖ్‌రిఖ్టెన్' మీద పడటం. అది మంచి కార్యక్రమమే. సోమవారం నుంచి శనివారం దాకా వస్తుంది, టెక్స్ట్ ఉచితం. కానీ అది బీ2, ఆపై వాళ్ల కోసం. చదివేది నెమ్మదిగానే అయినా భాష మాత్రం అసలు సిసలు వార్తల భాష, వాక్యం నాలుగు మలుపులు తిరుగుతుంది. బీ1 పూర్తయ్యాక దాని దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు మీకు సరిపోయేది డాయిచ్‌లాండ్‌ఫుంక్ రేడియో వాళ్ల 'నాఖ్‌రిఖ్టెన్‌లైఖ్ట్'. వారానికోసారి, శుక్రవారం, ఆ వారం ముఖ్య వార్తలు సరళమైన జర్మన్‌లో, ఆడియో, టెక్స్ట్ రెండూ పక్కపక్కనే ఉంటాయి. అన్నీ చిన్న చిన్న వాక్యాలు. వార్తలంటే విసుగైతే ఆనిక్ రూబెన్స్ చేసే 'స్లో జర్మన్' వినండి. జర్మనీలో రోజువారీ జీవితం గురించి, స్పష్టమైన గొంతు, టెక్స్ట్ సైట్‌లో ఉంటుంది. మరీ మొదటి నుంచి రావాలనుకునేవాళ్లకు, జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె ఇన్‌స్టిట్యూట్, డీడబ్ల్యూ కలిసి చేసిన 'రేడియో డీ' ఉంది. పౌలా, ఫిలిప్ అనే ఇద్దరు రేడియో జర్నలిస్టులు, యులాలియా అనే మాట్లాడే గుడ్లగూబ. కాస్త చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది, ఎవరూ చూడకుండా వినండి.

'ఈజీ జర్మన్' పాడ్‌కాస్ట్ గురించి అందరూ చెబుతారు. ఇద్దరు స్నేహితులు కూర్చుని చెప్పుకునే కబుర్లు అవి. మనుషులు నిజంగా ఎలా మాట్లాడతారో తెలియాలంటే దానంత మంచిది నాకు దొరకలేదు. స్టట్‌గార్ట్ కాల్స్‌లో వినబడే 'గెనౌ', 'హాల్ట్', 'డోఖ్' లాంటి చిల్లర మాటలన్నీ నా చెవికి అక్కడే అలవాటయ్యాయి. టెక్స్ట్ కావాలంటే డబ్బు కట్టి సభ్యులు కావాలి. కట్టడం ఇష్టం లేకపోతే, ఆపిల్ ఫోన్ ఉన్నవాళ్లకు 2024 నుంచి ఆపిల్ వాళ్ల పాడ్‌కాస్ట్ యాప్‌లోనే జర్మన్‌కు కూడా టెక్స్ట్ వస్తోంది. యంత్రం రాసిన టెక్స్ట్ కాబట్టి పేర్ల దగ్గర, మింగేసిన మాటల దగ్గర తడబడుతుంది. మీ చెవి కరెక్టు, అది తప్పు అయ్యే రోజు వస్తే మాత్రం పార్టీ చేసుకోండి.

అంశం తెలిసినది ఎంచుకోండి. నాకు కార్ల గురించి వింటే పది వాక్యాల్లో ఏడు అందేవి, జర్మన్ ఎన్నికల గురించైతే రెండు. నా జర్మన్ రెండుచోట్లా ఒకటే. మా పాత పీజీలో కడప నుంచి వచ్చిన ఒక నర్సు ఉండేవారు, జర్మనీ వెళ్లడానికి సిద్ధమవుతున్నారు. ఆవిడ ఆరోగ్యం మీద వచ్చే ఎపిసోడ్లు తప్ప ఇంకేవీ వినేవారు కాదు. బీపీ, షుగర్, డ్రెస్సింగ్ ఇవన్నీ తెలిసిన సంగతులే కాబట్టి మాట తెలియకపోయినా విషయం జారిపోదు. డాబా మీద బట్టలు ఆరేస్తూ ఆ వాక్యాల్నే వెంటవెంటనే పైకి అనేవారు. మేం నవ్వేవాళ్లం. తర్వాత నేనూ మొదలుపెట్టాను. నాలుక తడబడిన చోటే చెవి కూడా తడబడుతుందని అప్పుడు అర్థమైంది.

మరి మెట్రో? మెట్రోలో వినండి, అయితే ఇంట్లో కాగితం మీద తేల్చేసిన ముక్కలను మాత్రమే. ఒకే ముక్క వారం రోజులు విన్నా ఫరవాలేదు. సగం గోలలో కలిసిపోయినా మీ మనసు పూరించుకుంటుంది, అదే సాధన. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బస్సులో అయితే నేను అదీ చేయను, హారన్లలో ఆ ష, ఖ, ఫ లాంటి శబ్దాలే ముందు కొట్టుకుపోతాయి. అక్కడ పాటలు వినడమే ఆరోగ్యం.

మీరు అడగకపోయినా పరీక్ష గురించి రెండు మాటలు. గోథె బీ1లో వినడం దాదాపు 40 నిమిషాలు, నాలుగు భాగాలు. మొదటిదీ నాలుగోదీ రెండుసార్లు వినిపిస్తారు, రెండోదీ మూడోదీ ఒక్కసారే. పాడ్‌కాస్ట్‌లో వెనక్కి జరిపే బటన్ మీద వేలు అలవాటైపోయినవాళ్లు ఆ మధ్య రెండు భాగాల్లో కంగారుపడతారు. అందుకని పరీక్షకు నెల ముందు నుంచి వారానికి కొన్ని రోజులైనా కొత్త ముక్కను ఒక్కసారే విని, ఆపకుండా, ఎవరు ఏమన్నారో రెండు వాక్యాల్లో రాయండి. ఒక మాట జారిపోతే దాని వెనక పరుగెత్తకండి. దాన్ని తెలుగులోకి మార్చుకునే లోపు మూడు వాక్యాలు పోతాయి. పరీక్ష రోజు ఇందిరానగర్‌లోని మాక్స్ ముల్లర్ భవన్‌కు (గోథె ఇన్‌స్టిట్యూట్‌కు ఇక్కడి పేరు) వెళ్లేముందు గోథె సైట్‌లో ఉన్న ఉచిత నమూనా పేపరు ఆడియో కూడా విని వెళ్లండి, అక్కడి గొంతులు పాడ్‌కాస్ట్ గొంతులకంటే చాలా శుభ్రంగా ఉంటాయి. పాసవ్వడానికి 60 శాతం కావాలి. బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు మాడ్యూళ్లూ విడివిడిగా రాసుకోవచ్చు కాబట్టి, ఇప్పటికే చదవడం, రాయడం సిద్ధంగా ఉంటే వాటికి ముందు డేట్ తీసుకుని, వినడం ఒక్కటీ తర్వాతి విడతకు పెట్టుకోవచ్చు.