కార్పొరేషన్‌లో ట్రైనీగా చేరితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పెనుమూరు దగ్గర పల్లె. మా పాప తిరుపతిలో బీటెక్ సివిల్ ఈ ఏడాదే పూర్తి చేసింది. మా తమ్ముడి కొడుకు ఆస్ట్రేలియాలో అక్కడి కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఆఫీసులో ట్రైనీగా చేరి, రెండేళ్లకి అక్కడే ఉద్యోగి అయ్యాడు. పాప కూడా తిరుపతి కార్పొరేషన్‌లోనో, చిత్తూరులోనో అలా చేరతానంటోంది. మా ఆయనకి తెలిసినాయన ఒకరు మూడు లక్షలిస్తే ట్రైనీగా పెట్టించి, ఏడాదిలో పర్మినెంట్ చేయిస్తానంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ మూడు లక్షల సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి. బంగారం తాకట్టు పెట్టి అసలే ఇవ్వకండి. ట్రైనీని పర్మినెంట్ చేసే అధికారం కమిషనర్‌కే లేదు, మీ ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్లే ఆయనకి ఎక్కణ్ణుంచి వస్తుంది? నోటిఫికేషన్, పోటీ లేకుండా తాత్కాలికంగా చేరినవాళ్లకి పర్మినెంట్ చేయమని అడిగే హక్కు దానంతట అది రాదని 2006లోనే ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పేసింది. ఈ ఒక్క ముక్క తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి ఏటా వస్తూనే ఉంటారు. వాళ్లలో ఎవరి దగ్గరా రసీదు ఉండదు.

మీ తమ్ముడి కొడుకు సంగతి అబద్ధమేమీ కాదు. ఆస్ట్రేలియాలో ప్రతి కౌన్సిల్ తన మనుషుల్ని తనే తీసుకుంటుంది. ట్రైనీకి జీతమిస్తుంది, పని నేర్పిస్తూనే ఒక సర్టిఫికెట్ కోర్సు చదివిస్తుంది. ఏడాదో, రెండేళ్లో అయ్యాక అదే ఆఫీసులో ఖాళీ పడితే అబ్బాయి అప్లై చేస్తాడు, వాళ్లకి అతని పని ముందే తెలుసు. అక్కడా గ్యారంటీ ఏమీ లేదు గానీ దారి దగ్గర. మన దగ్గర తిరుపతి కార్పొరేషన్‌లో ఇంజనీరు కుర్చీ తిరుపతి కార్పొరేషన్ నింపేది కాదు. ఆ పోస్టు రాష్ట్ర ప్రభుత్వానిది. నింపేది ఏపీపీఎస్సీ, లేదా ప్రభుత్వం పెట్టే మరో రాతపరీక్ష. ఇవాళ ఇక్కడున్న ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) రేపు మదనపల్లెకో, కడపకో బదిలీ అవుతాడు. అందుకే పాప ఎంత బాగా పనిచేసినా, ఆ ఆఫీసులో అందరూ మెచ్చుకున్నా, పరీక్ష రాయకుండా వాళ్లు ఆమెని ఉంచుకోలేరు.

మరి ట్రైనీగా చేరడం దండగా అంటారేమో. కాదు. పోస్టు ఇవ్వదు గానీ పని చూపిస్తుంది. మన పిల్లలు చాలామంది ఆ పని ఏమిటో చూడకుండానే నాలుగేళ్లు కోచింగ్‌లో కూర్చుంటున్నారు.

ఒక చిన్న కాలువ పని చూడండి. పొద్దున్నే వార్డులో ఏఈ గారు టేపు ఒక కొస పట్టుకుంటారు, రెండో కొస ట్రైనీ చేతిలో. పొడవు, వెడల్పు, లోతు. ఈ మూడు అంకెలు ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కుతాయి, కాంట్రాక్టరు బిల్లంతా వాటి మీదే. కాబట్టి టేపు చుట్టూ నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటారు. కాంట్రాక్టరు మనిషి లోతు ఇంకో రెండు అంగుళాలుందంటాడు. ఎదురింటావిడ తన గుమ్మం ముందు బండ వేయలేదని గొడవ. కార్పొరేటర్ ఫోనులో. ఆ గోలలో అంకె సరిగ్గా రాసుకోవడం నేర్చుకుంటే అది ఏ పుస్తకంలోనూ దొరకని చదువు. వారం రోజులకే ‘ఇది నా వల్ల కాదు’ అనిపిస్తే అదీ లాభమే, నాలుగేళ్లు మిగిలినట్టు.

పాప సివిల్ కాబట్టి 2021 నవంబరు వరదలు గుర్తుచేయండి. తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో ఉన్న సిమెంటు ఒరల నీళ్లతొట్టి నిలువునా పైకి లేచొచ్చింది, ఊరంతా చూడ్డానికి వెళ్లింది. నీళ్లు తోడేసిన తొట్టిని, కింద నేలలో ఊరిన నీళ్లు పైకి నెట్టేశాయి. పరీక్షకి బట్టీపట్టిన బోయన్సీ చాప్టరు అదే. ఈ మాట విని పాపకి ఉత్సాహమొస్తే మున్సిపల్ పని ఆమెకి పడుతుంది.

ఇక దారులు. 2020 జూన్‌లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ కలిసి ‘ట్యులిప్’ అనే ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టాయి. మున్సిపాలిటీల్లో, స్మార్ట్ సిటీ సంస్థల్లో కొత్త డిగ్రీవాళ్లకి ఎనిమిది వారాల నుంచి ఏడాది దాకా పని. రిజల్ట్ వచ్చి పద్దెనిమిది నెలలు దాటకూడదు, మీ పాపకి గడువుంది. స్టైపెండ్ ఎంతో ఆ సంస్థే నిర్ణయిస్తుంది, కాబట్టి చేరకముందే అడగాలి. తిరుపతి 2016లోనే స్మార్ట్ సిటీ జాబితాలోకి వచ్చింది కదా, పోర్టల్‌లో ఖాళీలు వాటంతటవే కనిపిస్తాయని ఎదురుచూడొద్దు. వెళ్లి అడగాలి.

రెండోది అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఇంజనీరింగ్ డిగ్రీవాళ్లు కేంద్రం నడిపే నాట్స్ అనే అప్రెంటిస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటారు, మన ప్రాంతానికి అప్రెంటిస్ శిక్షణ బోర్డు ఆఫీసు చెన్నైలో. డిగ్రీవాళ్లకి నెలకి కనీసం 9,000 రూపాయలని 2019లో నిర్ణయించారు. శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని ఈ చట్టంలో లేదు. మిగతావన్నీ సమానమైతే శిక్షణ పొందినవాళ్లకి మొగ్గు చూపాలని 1995లో సుప్రీంకోర్టు అంది గానీ, మార్కులతో తేలే పోటీలో ‘సమానం’ అనేది ఎంత అరుదో మీకే తెలుసు. పేపర్లలో చూసే ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వేరు. అది పెద్ద కంపెనీల్లో చేసేది, మున్సిపాలిటీకి సంబంధం లేదు.

నేనూ ఒకప్పుడు ఒక ఆఫీసులో ఏడాది అప్రెంటిస్‌గా చేశానమ్మా. పేరెందుకులే. ఎనిమిది నెలలు జిరాక్సు సెంటరుకీ, ఆఫీసుకీ మధ్య తిరిగాను. ఫైల్ తెరిచి చూడమన్నవాళ్లు లేరు, అడగాలని నాకూ తెలియదు. తొమ్మిదో నెలలో ఒక సీనియర్ అసిస్టెంట్ గారు జాలిపడి, నోట్‌ఫైల్ ఎలా రాయాలో మధ్యాహ్నాలు నేర్పించారు. ఆ నాలుగు నెలలే నాకు మిగిలాయి. అందుకే చేరే రోజే ‘నాకు ఎస్టిమేట్, ఎం-బుక్, టెండరు ఫైలు చూపించండి సార్’ అని నోరు తెరిచి అడగమని పిల్లలకి చెబుతుంటాను.

మూడో దారి ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అన్నిటికంటే ఇదే ఇష్టం. తిరుపతిలో, చిత్తూరులో ఇళ్ల ప్లాన్లు వేసి ఆన్‌లైన్‌లో అనుమతికి పెట్టే లైసెన్సు ఇంజనీర్లుంటారు, ఎల్‌టీపీలంటారు. వాళ్ల దగ్గర ఆరు నెలలు కూర్చుంటే 2017 బిల్డింగ్ రూల్స్ కంఠతా వస్తాయి. ఇంటి చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాక్) ఎంత వదలాలి, రోడ్డు వెడల్పుని బట్టి ఎన్ని అంతస్తులు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి ఎక్కడ మొదలవుతుంది, టౌన్ ప్లానింగ్ వాళ్లు ఫైలు ఎందుకు తిప్పి పంపారు. జీతం పెద్దగా ఉండదు. కానీ రేపు ప్రభుత్వోద్యోగం రాకపోయినా చేతిలో ఒక వృత్తి ఉంటుంది. మున్సిపాలిటీలకి తాగునీటి, డ్రైనేజీ పథకాల రిపోర్టులు తయారుచేసే కన్సల్టెన్సీలు ఇలాంటి అనుభవం ఉన్నవాళ్లని ఇష్టపడి తీసుకుంటాయి.

అసలు ఉద్యోగానికి మాత్రం పరీక్షే. సివిల్‌వాళ్లకి ఏపీపీఎస్సీ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) పరీక్ష ఉంది, అందులో పంచాయతీరాజ్, గ్రామీణ నీటిసరఫరా, పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ శాఖలొస్తాయి. గ్రూప్-2లో మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3 ఉంటుంది, ఏ డిగ్రీ అయినా చాలు, పోస్టులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. 2019లో, మళ్లీ 2020లో గ్రామ, వార్డు సచివాలయాల్లోకి ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా, వార్డు ఎమినిటీస్, ప్లానింగ్ సెక్రటరీలుగా మన జిల్లా పిల్లలు చాలామంది చేరారు. వాళ్లకి మొదటి రెండేళ్లు ప్రొబేషన్, నెలకి 15,000. ఆస్ట్రేలియా ట్రైనీషిప్‌కి మన దగ్గర దగ్గరి పోలిక అదేనని నాకనిపిస్తుంది, కాకపోతే పరీక్ష ముందు, నేర్చుకోవడం తర్వాత. అలాంటి నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడని మాత్రం నన్నడక్కండి, దాని కోసమే ఖాళీగా కూర్చోనివ్వకండి. పొద్దున పని, సాయంత్రం చదువు. ఏడాది అలా నడిపితే చాలు.

ఇంకోటి. చిత్తూరు వైపు వాళ్లు పిల్లల్ని వేలూరులోనో, బెంగళూరులోనో ఉంచి చదివించడం మామూలే. మీరూ అలా చేసుంటే ఉద్యోగాల్లో లోకల్ అభ్యర్థిగా లెక్కలోకి వచ్చే విషయంలో చిక్కొస్తుంది. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి ఒక కవర్లో పెట్టండి. నోటిఫికేషన్ వచ్చాక స్కూలు చుట్టూ తిరిగే టెన్షన్ వద్దు.

కార్పొరేషన్‌కి అర్జీ పాపే తీసుకెళ్లాలి, మీ ఆయన కాదు. సోమవారం వద్దు, ఆ రోజు గ్రీవెన్స్, కమిషనర్ గారి దగ్గర జనం కిటకిటలాడుతుంటారు. మంగళవారమో బుధవారమో పదకొండు తర్వాత ఇంజనీరింగ్ విభాగానికి వెళ్లమనండి. కమిషనర్ పేర, తెలుగులో, ఒకే పేజీ. ఏ కాలేజీ, ఎన్ని నెలలు చేయగలదు, ఏ పని నేర్చుకోవాలనుకుంటోంది. వెంట కాలేజీ నుంచి ఒక లెటరు. అర్జీలు తీసుకునే ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి, తన కాపీ మీద స్టాంపు, నంబరు వేయించుకోమనండి. పది రోజులు చూసి, కబురు రాకపోతే ఆ నంబరు పట్టుకుని మళ్లీ వెళ్లమనండి.