బాస్ట్రాప్‌లో టెంటు, వంట: ముందు నిప్పు సంగతి చూసుకోండి

ఆస్టిన్‌లో ఉంటున్నామని, ఇండియా నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారని, నవంబరులో ఇద్దరు చిన్నపిల్లలతో కలిసి టెక్సాస్‌లోని బాస్ట్రాప్ స్టేట్ పార్కులో ఒక రాత్రి టెంటు వేసుకుంటే వంట అక్కడే చేసుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా చేసుకోవచ్చు. చలికాలం వస్తే మా కుటుంబం వెళ్లే చోటే అది. ఆస్టిన్ నుంచి రమారమి 30 మైళ్లు, అంతే.

కాకపోతే పెద్దవాళ్లను టెంటులో పడుకోబెట్టకండి. మోకాళ్ల నొప్పులున్నవారికి నేల మీద నుంచి లేవడమే పెద్ద పని. పైగా అర్ధరాత్రి చలిలో టార్చి పట్టుకుని బాత్రూముకు నడవాలి. 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, పని లేని కుర్రాళ్లతో ప్రభుత్వం నడిపిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ వాళ్లు రాతితో, కలపతో కట్టిన క్యాబిన్లు ఆ పార్కులో ఉన్నాయి. బాత్రూము లోపలే ఉంటుంది. అత్తమామలకు ఒక క్యాబిన్ తీసుకుని, మీరూ పిల్లలూ టెంటులో ఉంటే అందరికీ నిద్ర పడుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ రాత్రంతా నడుం పట్టేసిందని వినడం కన్నా నయం.

ఇక వంట. ఆ అడవిలో నిప్పుతో చేసే ఏ పనైనా ముందుగా కనుక్కుని చేయాలి. అక్కడ జరిగింది అలాంటిది. 2011 సెప్టెంబరు 4న, తీవ్రమైన కరువులో, ఈదురుగాలికి చెట్లు కరెంటు తీగల మీద పడి అంటుకున్న మంటలు 34,000 ఎకరాలకు పైగా కాల్చేశాయి. ఇద్దరు చనిపోయారు. పదహారు వందలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. పార్కులో దాదాపు అంతా, నూటికి 96 పాళ్లు, కాలిపోయింది. నేను చెప్పిన క్యాబిన్లు అగ్నిమాపక సిబ్బంది కాపు కాయబట్టి నిలిచాయి. తూర్పు టెక్సాస్ పైన్ అడవులకు సుమారు 100 మైళ్ల దూరాన విడిగా మిగిలిన పైన్ వనం కాబట్టి దీన్ని 'లాస్ట్ పైన్స్', అంటే తప్పిపోయిన పైన్లు, అంటారు. తర్వాత మళ్లీ నాటారు. ఇప్పుడు దారికి రెండు పక్కలా లేత పైన్లు గుబురుగా లేస్తున్నాయి. వాటి మధ్య అక్కడక్కడ మొదలు నుంచి నల్లగా మాడిన పాత మోళ్లు కనిపిస్తాయి. అందుకే సైటు, అంటే టెంటు వేసుకునే చోటు, ఎంచుకునేటప్పుడు నీడ ఉందో లేదో ఫొటోల్లో చూసుకోండి. అడవి అన్నారు కదా అని ప్రతి సైటుకూ నీడ ఉండదు.

వానలు లేనప్పుడు కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు మంటలు వేయకూడదని నిషేధం పెడతారు. అప్పుడు కట్టెలు, బొగ్గులు రెండూ బంద్. గ్యాస్ స్టౌను మామూలుగా అనుమతిస్తారు. బయలుదేరే రోజు ఉదయం పార్కుకు ఫోన్ చేసి అడగండి. నిషేధం లేకపోయినా కింద పడిన పుల్లలు ఏరకూడదు, అది టెక్సాస్ స్టేట్ పార్కులన్నింటిలోనూ ఉన్న నియమం. ఇంటి నుంచి కట్టెలు మోసుకెళ్లడమూ మంచిది కాదు, వాటితో పాటు చెట్లను తొలిచే పురుగులు వెళతాయి. అక్కడే కొనుక్కోండి.

నన్నడిగితే కరెంటు, నీళ్లు ఉన్న సైటు తీసుకుని ఇంట్లో వాడే రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. క్యాంపింగ్ అంటే పుల్లల పొయ్యి మీదే వండాలని పట్టుబట్టే మిత్రులు నాకూ ఉన్నారు. గాలికి మంట ఒక పక్కకే పోయి, సగం పలుకుగా సగం మాడిన అన్నం వాళ్లే తింటారు. మధ్యాహ్నానికి ఇంట్లో కలిపిన పులిహోర, రాత్రికి అన్నం, పొడి, నెయ్యి, స్టౌ మీద ఒక గుడ్ల కూర. అంతకు మించి పెట్టుకుంటే అడవికి వెళ్లి కూడా గిన్నెలే తోముతారు.

తిన్నాక ఒక్క మెతుకు కూడా బయట ఉంచకండి. రక్కూన్లు వస్తాయి, రాత్రుళ్లు తిండి కోసం తిరిగే జంతువులవి. ఒకసారి మా పక్క సైటులో ఒకటి ఐస్ బాక్సు మూత రెండు చేతులతో ఎత్తి, పెరుగు డబ్బా బయటకు లాగి, మూత ఊడబెరికి, మా టార్చి వెలుగులోనే బెదురు లేకుండా నాకింది. ఐస్ బాక్సుతో సహా అన్నీ కారులో పెట్టి తాళం వేయండి. పిల్లలు మూడాకుల తీగలు ముట్టుకోకుండా చూడండి, పాయిజన్ ఐవీ తగిలితే దద్దుర్లు రోజుల తరబడి పోవు. చీకటి పడ్డాక చెప్పులతో తిరగనివ్వకండి, కాపర్‌హెడ్ పాములున్న ప్రాంతం.

పార్కులోని చెరువు గురించి పాత వెబ్ పేజీల్లో చదివి గాలాలు కొనకండి. 2015 మే వరదకు కట్ట తెగి ఆ పదెకరాల చెరువు పోయింది. చేపలు పట్టాలంటే అడవి గుండా వెళ్లే పార్క్ రోడ్ 1సీ మీద బ్యూషర్ స్టేట్ పార్కుకు వెళ్లండి, స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి పడితే లైసెన్సు అక్కర్లేదు. ఆ రోడ్డు ఎత్తుపల్లాలతో ఎంతో బాగుంటుంది, పెద్దవాళ్లకు కారులో కూర్చునే అడవంతా చూపించవచ్చు.

సైటుకు ఎనిమిది మందే. రాత్రి పది తర్వాత నిశ్శబ్దం పాటించాలి. మన బృందాలు స్పీకర్లు తెచ్చి పార్కు రేంజర్ చేత మాట పడటం చూశాను, చూసిన నాకే సిగ్గేసింది. మద్యం కూడా బహిరంగంగా తాగకూడదు.

శనివారాలకు సైట్ల బుకింగ్ ఐదు నెలల ముందే తెరుస్తారు, త్వరగా నిండిపోతాయి. మీకు ఇప్పుడు దొరకకపోతే గురువారం రాత్రి చూడండి. టెంటు సైట్లు మధ్యాహ్నం రెండు నుంచి ఇస్తారు. నవంబరు మొదట్లో ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాక ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది కాబట్టి మూడింటికల్లా అక్కడ ఉండండి.