షుగర్ మిషన్ రీకాల్ అట... ఆ లింక్ నొక్కాలా?

ప్రశ్న: మా చెల్లెలు మెల్‌బోర్న్ నుంచి నాన్నగారికి షుగర్ మిషన్, స్ట్రిప్స్ పంపింది. మొన్న వాట్సాప్‌లో ‘ఈ స్ట్రిప్స్ మీద లేబుల్ తప్పు పడింది, వెనక్కి తీసుకుంటున్నాం, రిఫండ్ కోసం ఈ యాప్ వేసుకోండి’ అని మెసేజ్ వచ్చింది. ఇంకా నొక్కలేదు. మిషన్‌లో 7.2 అని పడుతోంది. అది ఎక్కువా, తక్కువా? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

నొక్కలేదు కదా, బతికించారు. ఈ రీకాల్ మెసేజ్‌ల గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు 7.2 సంగతి. ఆస్ట్రేలియాలో షుగర్‌ని మిల్లీమోల్స్‌లో చూస్తారు, మనం మిల్లీగ్రాముల్లో చూస్తాం. 18తో హెచ్చిస్తే మన లెక్క వస్తుంది, అంటే సుమారు 130. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీతో దీనికి సంబంధం లేదు. అసలు భయం అంకెల మధ్య దశాంశం చుక్కతోనే. 18.0ని చత్వారం కళ్లతో 180గా చదివితే ‘ఫర్వాలేదు’ అనుకుంటాం. నిజానికి అది 324. 2005లో అమెరికాలో ఇలాగే ఒక తయారీదారు మీటర్లలో, టైమ్, తేదీ సెట్ చేసుకుంటుండగా యూనిట్ పొరపాటున మారిపోతోందని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మందు డోసు ఆధారపడే మిషన్‌లో యూనిట్ మార్చే ఆప్షన్‌ని గడియారం సెట్టింగ్ పక్కన పెట్టిన డిజైనర్‌ని ఏమనాలి? ఏ దేశంలో అమ్మితే ఆ దేశం యూనిట్‌కే బిగించెయ్యాలి. ఇప్పుడు అదే సెట్టింగ్ ఫోన్ యాప్‌ల్లోకి వచ్చింది. అప్‌డేట్ అయిన ప్రతిసారీ యూనిట్ ఒకసారి చూసుకోండి.

ఇక లేబుల్ రీకాల్. ఎక్స్‌పైరీ తేదీ తప్పు పడటం, లాట్ నంబర్ (అంటే బ్యాచ్ నంబర్) మారిపోవడం, వాడే విధానంలో ఒక హెచ్చరిక ఎగిరిపోవడం, ఇలాంటివాటికీ రీకాల్ చేస్తారు. రీకాల్ అనగానే మిషన్ పాడైందని కాదు, ఒక్కోసారి కొత్త లేబుల్ పంపి సరిపెడతారు. బ్రాండ్ మొత్తానికి కాకుండా ఫలానా లాట్‌లకే వర్తించడం మామూలు. మీది ఆస్ట్రేలియా సరుకు కాబట్టి అక్కడి మందుల నియంత్రణ సంస్థ టీజీఏ సైట్‌లో రీకాల్ జాబితా చూడమని చెల్లెలికి చెప్పండి. తేలేదాకా ఆ స్ట్రిప్స్ పక్కన పెట్టి ల్యాబ్‌లో చూపించండి. అంతేగానీ, డాక్టర్‌ని అడగకుండా డోసు మార్చొద్దు.

నాకు నిజంగా టెన్షన్ పెడుతున్నది ఆ యాప్. రీకాల్ చేసేవాళ్లకి మీ నుంచి కావలసింది మోడల్, లాట్ నంబర్, ఎన్ని డబ్బాలు మిగిలాయో, మార్చినవి పంపడానికి అడ్రస్. దానికి ఏపీకే ఫైల్ (ప్లేస్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్) ఎందుకు? ఆధార్ ఎందుకు? అది ఇన్‌స్టాల్ కాగానే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, ఆ వెంటనే యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. మొదటిది ఇస్తే మీ ఓటీపీలు వాడికి కనిపిస్తాయి. రెండోది ఇస్తే మీ స్క్రీన్ వాడి చేతిలోకి వెళ్తుంది. అసలైన రీకాల్ వివరాలు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తాయి, మోసగాడికి కూడా. కాబట్టి మెసేజ్‌లో లాట్ నంబర్ కరెక్ట్‌గా ఉన్నంత మాత్రాన నమ్మకండి. కంపెనీ సైట్ అడ్రస్‌ని డబ్బా మీద చూసి మీరే టైప్ చేయండి. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే వేసేసుకుని ఉంటే ఆ ఫోన్‌లో నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ ఫోన్ రీసెట్ అయ్యేదాకా అందులో బ్యాంకింగ్ వద్దు.

లాట్ నంబర్ చూడమన్నాను గానీ, అది కనిపిస్తే కదా! డబ్బా అడుగున చుక్కల అక్షరాలు, స్పిరిట్ తగిలితే చెరిగిపోతాయి. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మినవాడు తన బార్‌కోడ్ స్టిక్కర్‌ని సరిగ్గా దాని మీదే అంటిస్తాడు. వాడే విధానం చదవాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలట, డెబ్బై ఏళ్ల మనిషి! మనమేం తక్కువ తినలేదు. అట్టపెట్టె ఆ రోజే చెత్తలో పడేస్తాం. పాత డబ్బాలో మిగిలిన నాలుగు స్ట్రిప్స్‌ని కొత్త దాంట్లో పోసేస్తాం. రేపు రీకాల్ వస్తే ఏది ఏ లాటో దేవుడికే తెలియాలి. గుంటూరు కొత్తపేటలో మెడికల్ షాపువాడు బిల్లు ఇవ్వబోతే ‘వద్దులే’ అంటాం. బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ ఉండేది ఆ బిల్లు మీదే. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

మన దగ్గర గ్లూకోమీటర్లు, బీపీ మిషన్లు 2021 జనవరి నుంచి ఔషధ చట్టం కిందికి వచ్చాయి. ఇక్కడ కొన్నవాటి లేబుల్‌లో తేడా కనిపిస్తే 1800-180-3024 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పొచ్చు. సూట్‌కేసులో వచ్చినదానికి ఇక్కడ రికార్డు ఉండదు. నాన్నగారికి ఇక్కడి మిషన్ ఒకటి కొనేయండి.

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో ఒక వాచ్ కొన్నాను. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తుంది. నమ్మొచ్చా? – ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

నమ్మొద్దు. చర్మం గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే వాచ్‌కి గానీ, ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్పింది. పెట్టె వెనక చిన్న అక్షరాలు చదవండి. ‘వైద్య అవసరాలకు కాదు’ అని రాసి ఉంటే, ఈ ఒక్క లేబుల్‌లో మాత్రం తప్పేమీ లేదు.